సీసా మీద పేరు

కంచిలి స్టేషన్లో తెల్లారగట్ల దిగాడు లోకనాథం.
ఎడమ మోకాలికి నల్లపట్టీ,
భుజాన కలకత్తా క్లబ్బు సంచి.
ఇంటికి పోలేదు, తిన్నగా నా ల్యాబుకొచ్చాడు.
సోంపేట ఆస్పత్రిలో నేనింకా తాళం తీసి
సూదుల డబ్బా లెక్క చూసుకుంటున్నాను.

"ఓలప్పా, నాకొక సీసా కావాల."
"సీసాలకేటి, అలమారా నిండా ఉన్నాయి."
"ఖాళీది కాదు."

తలుపు దగ్గరికేసి చెప్పాడు.
బుధవారం పరీక్షవాళ్ళొస్తారట,
జట్టు మొత్తాన్ని వరసగా నిలబెట్టి కప్పులు చేతికిస్తారట.
మూడు నెలలుగా ప్రతి మ్యాచికీ ముందు ఒక సూది.
"ఏటని అడగనేదప్పా. అడిగినోడు బెంచీ మీద కూకుంటాడు.
సూది పడితే మోకాలు నాది కానట్టుండేది.
నొప్పి పోయేది కాదు,
గ్యాలరీలో కూకుని నా ఆట చూసీది."

తరవాత గొంతు తగ్గించి,
"ఎవులిదైనా పర్లేదు. శుబ్బరమైంది ఒక్కటియ్యి" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు.
రాకూడదు, వచ్చింది.

ఫ్రిజ్ తెరిచాను.
నిన్నటి క్యాంపువి, ఇరవై మూడు సీసాలు.
ఇదిగో, జీడిపిక్కలు కొట్టే నీలవేణిది. కాస్త ఊపి చూడు,
ఆ నురగ ఎంతసేపటికీ దిగదు.
ఇది కొబ్బరి దింపే గవరయ్యది. టీ డికాక్షన్ కాదురా అది.
ఇది పదో క్లాసు పిల్లది, దీనికింకా పేరు పెట్టలేదు డాక్టరు,
మళ్ళీ చూద్దాం అన్నాడు.
ఈ చివర్ది నాదే.
నెలనెలా నాదీ నేనే చూసుకుంటాను.
నిరుటి దాకా బాగుండేది.

బాబుది లేదు.
వారానికి రెండు రోజులు పలాసలో ఆ మిషను పక్కన పడుకుంటాడు కదా,
సీసా నింపడం మానేసి ఏడాదిన్నర.

నీకు అరువివ్వడానికి
ఈ ఉద్దానంలో ఎవరి ఒంట్లో ఉన్నాయిరా మంచినీళ్ళు?

నీకు గుర్తుందో లేదో,
నువ్వు క్లబ్బుకి ఎంపికైన రోజు
రక్తం కాగితం వచ్చింది. క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది.
బాబు ఆ కాగితాన్ని శుభలేఖలా పట్టుకుని
కవిటి సంత దాకా తిరిగాడు.
గోలు అంటే ఏటో తెలీని ముసలాళ్ళు కూడా
ఆ అంకె చూసి నీ నెత్తిన చెయ్యి పెట్టారు.
ఎక్కాల కన్నా ముందు ఆ అంకెలు నేర్చుకున్న ఊరు మనది.
మనలోంచి ఒక మంచి ఒళ్ళు బయటికెళ్తోంది అనుకున్నాం.
ఎవడి చేతిలో పెట్టొచ్చావురా దాన్ని?

మాట్లాడలేదు వాడు.
సంచి జిప్పు తీశాడు, వేశాడు.

కొత్త సీసా తీసి లేబుల్ అంటించి
దున్న లోకనాథం, ఇరవై నాలుగేళ్ళు, అని రాశాను.
చెయ్యి చాపమన్నాను.
చిన్నప్పుడు సరుగుడు తోపు ఇసకలో పడి
మోచెయ్యి దోక్కున్న మచ్చ అలాగే ఉంది.
దాని పక్కన, నేను పొడవని సూదుల చుక్కలు.

మిషను తిరిగినంతసేపూ
బయట వరస పెరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాం.
కాగితం వాడే లాక్కున్నాడు.
ఒకటి పాయింట్ ఏడు.

"ఇది ఆళ్ళకి కనబడతాదా, బుధవారం?"
"కనబడదు. ఇది వెతకరు వాళ్ళు."
"మరైతే..." అని ఆగిపోయాడు.

వాడడిగిన సీసా నేనివ్వలేదు.
బుధవారం ఏం చేస్తాడో వాడూ చెప్పలేదు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
మేజోడులో, షిన్‌గార్డు పెట్టుకునే చోట దోపుకున్నాడు.

తలుపు తీయగానే
వరసలో మొదటున్న ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.
"పుట్బాలు గుంటడివి కదూ నువ్వు?
టీవీలో సూసినాం."
కాసేపు వాడి మొహం చూసి,
ఇంకేం అడక్కుండా
పక్కకి జరిగి చోటిచ్చాడు.
"కొత్తోళ్ళకి కార్డు ఆ కిటికీ కాడిస్తారు బావూ.
నా ఎనకాల నిలబడు."