మోచెయ్యి

పదో తరగతిలో నేర్చుకున్నాను
జవాబు పక్కన మోచెయ్యి ఎట్టా ఆనించాలో.
నెల్లూరు హాస్టల్ గోడ మీద
ప్రతి సోమవారం ర్యాంకులు అంటించేవాళ్లు.
జిగురు ఆరకముందే
నా పైనున్న పేరు చూసేదాన్ని,
నా పేరు తర్వాత.

ఇప్పుడు ముత్తుకూరు రోడ్డులో రొయ్యల ల్యాబు.
గోడ అదే. కాగితం బదులు తెల్లబోర్డు.
కామాక్షి, నలభై ఒక్క శాంపిళ్లు.
జిలానీ, ఇరవై ఏడు.
మేనేజరు నా అంకె కింద రెండు గీతలు గీశాడు.

జిలానీకి ఎందుకాలస్యమంటే
సీసా తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడతాడు.
మేతెంత తిన్నాయి, ట్రేలో ఎంత మిగిలింది,
రాత్రి ఏరేటరు ఎన్నిసార్లు ఆగింది,
నీ కూతురికి జ్వరం తగ్గిందా.
చివరిదానికి రిపోర్టులో గడే లేదు.
నాకు నవ్వొచ్చేది.

ఆ శుక్రవారం సాయంత్రం
ఆరో నంబరు గుంట సీసా
పొరపాటున నా బల్ల మీదికొచ్చింది.
రెండు చుక్కలు పడగానే
పసుపు నీళ్లు ముదురాకుపచ్చకి తిరిగాయి.
అమ్మోనియా.
ఆరో గుంట నాది కాదు.
మూత బిగించి జిలానీ బల్ల మీద పెట్టేశాను.
అతను అప్పటికే బండెక్కి వెళ్లిపోయాడు.
ఫోను నా చేతిలోనే ఉంది.
అబద్ధమేమీ ఆడలేదు. ఇన్నేళ్లూ
నాకు చాలిన నిజాయితీ అది.

తెల్లారి కాకులు చెప్పాయి.
గట్టు పొడుగునా కాకులు, కొంగలు,
నీళ్లంచున తెల్లగా పాలిపోయిన రొయ్యలు.
పెంచలయ్య మోకాళ్లదాకా తడిసిన లుంగీతో
"పట్టుబడికి పన్నెండు రోజులే ఉండింది మేడం" అన్నాడు.
మేడం అన్నాడు.

జిలానీ నన్నేమీ అడగలేదు. అతనికి తెలీదు.
వల రెండో కొస నా చేతికిచ్చాడంతే.
ఆ రాత్రి మెసేజి రాసి చెరిపాను,
మళ్లీ రాసి, మళ్లీ.
బోర్డు మీద నలభై ఒకటి అట్టాగే ఉంది.
ఎవరూ తుడవలేదు.

నెల దాటాక, కొత్త సీడు వదిలిన గుంట గట్టున
పెంచలయ్య చెక్ ట్రే పైకి లాగి
అడుగు బురద వేళ్ల మధ్య నలిపి
వాసన చూస్తున్నాడు.
"ఇది దేని వాసన?" అడిగాను.
జవాబు తెలీకుండా ఒకర్ని ప్రశ్న అడగడం
నాకదే మొదలనుకుంటా.

ఆయన వెంటనే చెప్పలేదు.
ట్రేలోకి వంగి చూసి,
"కాస్త మోచెయ్యి తియ్యమ్మా,
వెల్తురుకి అడ్డమొస్తా ఉండాది" అన్నాడు.