మూడు కాళ్ల పుల్లర్

బ్లైనౌలో వాన ఆగదు. పలకరాళ్ల కప్పులు
ఎండలో కూడా తడిగానే కనిపిస్తాయి.
ఎవరిదో షెడ్డు ఖాళీ చేస్తూ వేలం వేస్తే
నాలుగు పౌండ్లకి ఓ బిస్కెట్ డబ్బా కొన్నాను.
అడుగున, తుప్పులో తుప్పుగా,
మూడు కాళ్ల ఇనుప పురుగు.
ఇదెందుకని అడుగుదామంటే
ఆ బళ్లు విప్పినవాళ్లెవరూ మిగల్లేదు.

వెనిగర్లో రెండు రాత్రులు.
పొద్దున నీళ్లు టీ డికాషన్ రంగు.
తర్వాత కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు.
తొందరపడితే తుప్పుతో పాటు అంకెలూ పోతాయి.
ముందు ఆరు తేలింది. తర్వాత ఒకటి. తర్వాత ఏదో సగం.
పక్కనే, ఫ్యాక్టరీ కొట్టింది కాదు,
మేకుతో గీకిన పొడి అక్షరాలు: ఎం. పి.

మెన్నా ప్రిచర్డ్!
సైడ్‌కార్ నిండా పాలక్యాన్లతో
కొండ దిగే పిల్ల.
క్లచ్చి ఊడదీసేటప్పుడు ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు.
సాయం చెయ్యనా అన్నాను ఓసారి.
"దీపం పట్టుకో ఇడ్వాల్" అంది, అంతే.
పట్టుకున్నాను.

ఇప్పుడు మర వెన్నలా తిరుగుతోంది.
బిగించడానికి బండి లేదు.
పిడి మీద ఒకచోట
నున్నగా అరిగిన చిన్న గుంట.
నా బొటనవేలు అందులో పట్టదు.
అక్కడ మాత్రం రుద్దలేదు.