ఎడమ వెనక కాలు

పదహారేళ్ళు సినిమా వ్యాను తోలాను
కిర్గిజ్ కొండల్లో, లోయల్లో.
వెనక ఒక ప్రొజెక్టరు, రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర,
డీజిల్ వాసన పట్టిన రీళ్ళు.
ప్రతి డబ్బా మీదా ఆఫీసువాళ్ళు ఓ చీటీ అంటించేవారు:
హాస్యం. యుద్ధం. కుటుంబ గాథ.
మందుసీసా మీద మోతాదు రాసినట్టు.

ఆ చీటీ మాట ఊరు దాటితే చెల్లేది కాదు.

అత్-బాషీలో గొర్రెల కాపరులు
హీరో మొహం చూడనే చూడరు.
గుర్రాన్ని చూస్తారు.
రెండో రీల్లో ప్రేమికుడు కొండ దిగి వస్తుంటే
అమ్మాయిలంతా ఊపిరి బిగబట్టారు.
సగిన్‌బెక్ తాత మాత్రం లేచి నిలబడి
"కుంటుతోందిరా అది! ఎడమ వెనక కాలు!
నాడా ఊడిన గుర్రాన్ని ఇంత దూరం తోలేవాడికి
పిల్లనెవడిస్తాడు?" అన్నాడు.
ఆ వేసవంతా ఆ ప్రేమకథ
అక్కడ పశువైద్యం కథ.

దక్షిణాన, ఉజ్గెన్ పత్తిచేల మధ్య
పాట లేని సినిమా ఉప్పు లేని పులావు.
వచ్చిన పాటని ఒకటికి మూడుసార్లు తిప్పాలి.
తిప్పనంటే
రొట్టెల బట్టీ రహమతుల్లా
వ్యాను తాళాలు జేబులో వేసుకుని
చాయ్ తాగడానికి పోతాడు.

కాజీ-సాయ్ గనివాళ్ళు
తెర మీద చీకటి పడితే లేచిపోతారు.
సొరంగం, నేలమాళిగ, వానరాత్రి, ఏదీ వద్దు.
"పొద్దంతా చూసిందే కదా, డబ్బులిచ్చి మళ్ళీనా?"
కథ లేకపోయినా సరే,
గోధుమచేను మీద పది నిమిషాలు ఎండ కాస్తే
చప్పట్లు.

పిల్లలకి, ఏ ఊళ్ళో అయినా,
అంతా అయ్యాక దీపం ఆర్పకుండా
రీలు వెనక్కి చుట్టడమే అసలు సినిమా.
చచ్చినవాడు లేచి కూర్చుంటాడు.
తాగిన చాయ్ కప్పులోకి తిరిగొస్తుంది.

రాజధాని విద్యార్థుల తీరు వేరు.
ఏమీ జరగని సినిమాని గుడ్లప్పగించి చూసి
ట్రాలీబస్ స్టాపులో కొట్టుకునేవారు,
ఆ కిటికీ ఎందుకు తెరిచి ఉంది, అని.
నేనూ చాలా ఆలోచించాను ఆ కిటికీ గురించి.
ఉక్కపోసి ఉంటుంది.

ఇక సోన్-కోల్ సరస్సు దగ్గర,
ఉన్ని గుడారాల మధ్య, ఆగస్టులోనే మంచు పడ్డ రాత్రి
వేసిన సినిమా సంగతి.
చీటీ మీద: హాస్యం.
పోస్టుమాను సంచీకి చిల్లు. ఉత్తరాలు దారి పొడుగునా రాలిపోతాయి.
ఒకటి మేక తింటుంది. ఒకటి కోడిపెట్టకి పరుపవుతుంది.
అప్పటికి నలభై ఊళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాయి.
ముందు వరసలో తొక్తోబూబూ
తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.
పక్కనే కోడలు
నవ్వాపుకోలేక ఆమె భుజం మీద వాలిపోతోంది.
"అవ్వా, ఇది నవ్వే సినిమా" అన్నాను చెవిలో.
"నలభై మూడులో మా పోస్టుమానూ మంచివాడే బాబూ.
సంచీ ఎవరు చూశారు?" అంది.

ఆ రాత్రి చీటీ పీకేశాను.
కొత్తది అంటిద్దామని కూర్చుని, ఏం రాయాలో తోచక
డబ్బా బరువు రాశాను:
మూడు కిలోల రెండు వందలు.
అదొక్కటీ అన్ని ఊళ్ళలోనూ ఒకటే.
(కొండెక్కితే అదీ రవ్వంత తగ్గుతుందని
మా లెక్కల మాస్టారు అనేవాడు.)

ఇప్పుడు వ్యాను లేదు.
మనవడు ఎల్దియార్ ఫోన్లో చూస్తాడు,
ఒకటిన్నర వేగంతో,
మాటలు దాటేసి, కన్నీళ్ళు దాటేసి,
ఏదైనా పేలితే ఆగుతాడు.
నిన్న అరచేతి తెర నా ముక్కు కింద పెట్టాడు.
మంటలు. కూలుతున్న వంతెన.
వాడి వేలు వంతెన మీద.
ఆ మూల, పొగలోంచి
రౌతు లేని గుర్రం ఒకటి పరిగెడుతోంది.

"ఆపు. వెనక్కి తిప్పు" అన్నాను.
కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, పెట్టుకుని
మళ్ళీ తిప్పించాను.

"ఏముంది తాతా అక్కడ?"

ఏం లేదు.
నాలుగూ బాగానే ఉన్నాయి.
పోనియ్యి.