గాలం దారం

బతూమి రేవులో మూడో రోజూ వాన.
రేకుల కప్పు కింద మా షెడ్డు
బోర్లించిన గంగాళంలా మోగుతోంది.
ట్సియాల కారు తెచ్చి నిలిపింది, ఇంజన్ ఆపలేదు.
"వెనకున్న ఆ అక్షరాలు తీసెయ్యాలి,
తలుపుల మీది మెరుపు పట్టీలు కూడా.
రంగు మాత్రం పోకూడదు.
రేపు కొనేవాళ్లొస్తున్నారు."

కంపెనీ అక్షరాలు కావవి.
ఆమె మాజీ మొగుడు ఎక్కడో చేయించి
తన పేరే అంటించుకున్నాడు.
జుంబెర్. మా లిపిలో ఆరక్షరాలు, వెండి పూత,
రెండోది కాస్త వంకర.

నా చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది.
నోదార్ తడిగుడ్డతో నా మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.
"ఇనుముకీ రంగుకీ ఏనాటి పగో. ముందు సబ్బునీళ్లు తే."

కడిగాం. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా
అదే రంపమవుతుందట.
చుట్టూ కాగితం టేపు వేశాం.
తర్వాత జుట్టు ఆరబెట్టుకునే మిషన్.
అది వాళ్లావిడది,
ఇక్కడుందని ఆవిడకి తెలియదు.
"అరచెయ్యి ఆనించి చూస్తూండు,
నువ్వు ఓర్చుకోలేని వేడి
రంగూ ఓర్చుకోదు."

జిగురుది ఉడుము పట్టు.
పదకొండేళ్ల ఎండా ఉప్పుగాలీ తాగి బలిసిన జిగురు.
నోదార్ జేబులోంచి గాలం దారం తీశాడు,
ఆదివారాలు కెఫాలి చేపలకి వేసేది.
రెండు పేటలు చేసి
కొసలు చూపుడు వేళ్లకి చుట్టుకుని
అక్షరానికీ కారుకీ మధ్య దూర్చి
ఇటూ అటూ, ఇటూ అటూ,
వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు.
"లాగావో, పచ్చి పక్కు పీకినట్టే, తోలు లేచొస్తుంది."

బోర్లించిన బకెట్ మీద కూచుని
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది ట్సియాల,
పొట్టు గుప్పిట్లోకి ఉమ్ముకుంటూ.
"ఇంకా ఎంతసేపు?"
"అంటించడానికి ఎంతసేపు పట్టింది?"
"అయిదు నిమిషాలు."
"అయితే రెండు గంటలు."

నాలుగో అక్షరం నాకిచ్చాడు.
దారం తెగి వేలు కోసుకుంటే
"కారు మీద పడనీకు" అన్నాడు, అంతే.

పట్టీలది వేరే గొడవ. వాటి క్లిప్పులు లోపలెక్కడో.
వేలి గణుపుతో తడుతూ పోవాలి,
బోలుగా పలికితే ముందుకెళ్లు,
బిగువుగా పలికితే ఆగు.
అక్కడ ప్లాస్టిక్ చీలిక దూర్చి, మెల్లిగా
టక్.
టక్.
మూడోది ఫట్.
అది నా జీతంలో పోయింది. రెండు లరీలు.

మిగిలిన జిగురుని బొటనవేలితో దొర్లిస్తే
చెవి గులిమిలా ఉండలు కట్టింది.
ఆపైన స్పిరిట్ గుడ్డ, ఒకే వైపుకి తుడుపు.
తుడిచాక నోదార్ ఒకడుగు వెనక్కి వేశాడు.

కారంతా ఎండకి వెలిసిన నీలం.
అక్షరాల కింద నీలం మాత్రం
షోరూం నుంచి నిన్న దిగినట్టుంది.
జుంబెర్.
వెండి పోయి, ముందుకన్నా తేటగా,
రెండో అక్షరం వంకరతో సహా.

కాసేపు కప్పు మీద వానే మాట్లాడింది.
"గీత పడిందా?" అంది.
"ఒక్కటి లేదు" అన్నాడు నోదార్,
తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.
ఆమె గోరుతో మెల్లగా తడిమి చూసింది,
ఏమీ తగల్లేదు.
"పాలిష్ పెడితే?"
"సగం పోతుంది. మిగతాది ఎండ చూసుకుంటుంది.
రెండు వేసవులు, మూడు."
గింజల పొట్టు దులుపుకుని నవ్విందామె.
"రేపొచ్చేవాడి పేరు కూడా జుంబెరే అయితే బావుణ్ణు."

ఆరు అక్షరాలనీ మేకుల డబ్బాలో వేశాడు,
ఎవరైనా అడగొస్తారేమోనని.
దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.
ఆదివారం దానితోనే రెండు చేపలు పడ్డాయి.
భోజనానికి నన్నూ పిలిచారు.
వడ్డిస్తున్న వాళ్లావిడ తల
ఇంకా తడిగానే ఉంది.