పొయ్యి లెక్క

ట్రైనింగుల సారు చెప్పిండు:
ఇల్లంటే గోడలు కాదు, కప్పు కాదు,
ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లంతా
ఒక్క కుటుంబం.
రాసుకొని కింద గీత గీసిన.
ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని,
గీత గీసినంక ఏదైనా తేలిపోతదని నా నమ్మకం.

నా బ్లాకు కాజీపేట. పట్టాలకు ఇవతల
పెచ్చులూడిన రెండు వరుసల క్వార్టర్లు,
అవతల దర్గాకు పోయే తొవ్వ.
జాజు డబ్బా, కుంచె, మెడల కార్డు.
మొదటి తలుపు మీద ఒకటి వేసిన,
రంగు కారి తెల్లారేసరికి ఏడయింది.

ఆరోగ్యసామి తాత, బొగ్గింజను నాటి ఫైర్‌మన్.
మాతృభాష? తమిళం.
మీ ఆమెది? తెలుగు.
"జనగామ తెలుగు" అని లోపల్నుంచి సరిదిద్దిందామె.
ఆ ఇంట్ల ప్రార్థన తమిళంల, కొట్లాట తెలుగుల,
పైసలు లెక్కపెట్టుడు ఇంగ్లిష్‌ల, రైల్వే అలవాటు.

వెనక గల్లీల ఒక్క గదిల తొమ్మిది మంది.
దర్భంగ నుంచి ఫ్యాక్టరీ షెడ్డు కట్టడానికొచ్చిన పిల్లలు.
కుటుంబ పెద్ద ఎవరంటే
ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు.
"ఇయ్యాల వంట వంతు ఎవరిదైతే వాడే పెద్ద"
అని నవ్విండు సంజీత్, మోచేతుల దాకా పిండి.
రేపైతే ముకేశ్ అట.
సంజీత్ అనే రాసిన, అది మంగళవారం కనుక.

వాంకుడోతు అన్నదమ్ములది ఒక్క వాకిలి, రెండు పొయ్యిలు.
ఉగాది నుంచి మాటల్లేవు.
రెండు ఫారాలు తీసిన, సులువైన లెక్క.
చిన్నోని బిడ్డ అనూష
పెద్దమ్మ కాడ జొన్నరొట్టె, అమ్మ కాడ పప్పు తెచ్చుకొని
వాకిట్ల నడుమ కూసోని తింటాంది.
సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసిన.
"రాత్రి యాడ పండుకుంటదో అడుగు."
అడిగిన.
"ఫ్యాన్ తిరిగే కాడ."

ముప్పై ఒకటికి మూడుసార్లు పోయిన, తాళం.
పక్కింటి జాహెదా గొంతు తగ్గించి చెప్పింది,
ఆమె లోపల్నే ఉంటది, అప్పులోళ్లకు భయపడి
బయట తాళమేసి వెనక గోడ దుంకుతది.
నేను అప్పు మనిషిని కాదమ్మా, జనాభా మనిషిని,
అని తలుపుతోటి చెప్పిన.
జవాబుగ కుక్కర్ మూడు కూతలు కూసింది.
పొయ్యి ఒకటి, మనుషులు తెలియదు.

ఇరవై మూడుల గుల్జారమ్మ, ఆమె నలుగురు చేలాలు.
రైళ్లల్ల చప్పట్లు కొట్టే చేతులు
నాకు చాయ్ పోసినయి.
పెద్దతో సంబంధం? పుస్తకం తిరగేసిన.
కొడుకు ఉన్నడు, కోడలున్నది,
వంటమనిషికి సుత నంబరున్నది.
వీళ్లకేమో "బంధుత్వం లేనివారు".
అది సదివి వినిపిస్తే ఆమె ఏమనలేదు,
గ్లాసు కడుగుడు మాత్రం ఆపింది.
రోషిణికి మొన్న టైఫాయిడ్ వస్తే
ఎంజీఎంల పదకొండు రాత్రులు
నేల మీద పండుకున్నదెవరో అంతకుముందే చెప్పిందాయె.
బిడ్డ, బిడ్డ, బిడ్డ, బిడ్డ, అని నాలుగుసార్లు రాసిన.
పెన్ను ఒత్తితే కింది కాగితం మీద సుత పడ్డది.

ఆఖరి రాత్రి ఇల్లు లేనోళ్ల లెక్క.
స్టేషన్ బయట బ్రిడ్జి కింద
మూడు రాళ్లు, సత్తు గిన్నె, ఉడుకుతున్న నూకలు.
కొంరవ్వ నా పేరడగలే, ఊరడగలే,
"తిన్నవా" అనడిగింది.
పన్నెండు దాటింది. ఆకలి అబద్ధమాడనియ్యలే.
ఆకు చేతికిచ్చినంక అడిగిన, ఎంతమంది మీరు?
"ముగ్గురం," అని నా చేయి దిక్కు చూసి
"ఇప్పుడైతే నలుగురం" అన్నది.

సారు చెప్పిన మాట యాదికొచ్చింది.
అయినా మూడే రాసిన.
నా లెక్క హనుమకొండల, అద్దె గదిల,
వేరే టీచరు ఎప్పుడో రాసుకపోయింది.
అప్పుడు నేను ఇంట్ల లేను,
ఈడనే గల్లీలు తిరుగుతున్న.
పక్కింటామెను అడిగిందట.
"ఒక్కతే ఉంటది," అని చెప్పిందట,
"పొయ్యి ఎలిగించుడు నేనైతే చూడలే."