బర్బీర్ కట్ట

సిత్రా క్యాంపుల ఇరవై రెండు మందికి వండుత నేను.
నెలకు తలకు పదకొండు దినార్లు.
అందుల్నే గ్యాసు, అందుల్నే నా కూలి,
ఇయ్యకుండ జారుకునేటోళ్ల బాకీ.
మిగిలిన దాంట్ల ఏమొస్తది?
సంచెడు తెల్ల కుబూస్,
మంచుల గడ్డకట్టి ఓడెక్కి వచ్చిన కోడి,
శుక్రవారం ఇనుప జాలి మీద మాంసం.
"ఇంకింత నల్లగ గానీ మామా,
మాడితెనే రుచి" అంటడు బక్కన్న.

ఆ బక్కన్నకే దొడ్డికి పోతే నెత్తురు వడ్డది.
మూలశంక అనుకొని ఆర్నెల్లు ఊకున్నడు.
క్రేను మీద బతికేటోడు
సిగ్గును గూడ ఆడనే, పైననే దాస్తడు.

సల్మానియా దవాఖానల లోపలికి కెమెరా పంపిండ్రు.
డాక్టరమ్మ బొమ్మ చూపెట్టింది:
పేగు గోడకు రెండు బుడిపెలు,
వానకు పెంటదిబ్బ మీద లేసిన పుట్టకొక్కుల లెక్క.
"తీసేసినం. ఇంకా చెడలేదు."

నేనడిగిన: అమ్మా, నా వంటనేనా?
తెల్ల పిండి, మాడిన కండ, ఆకు ముట్టని పదేండ్లు?
ఆమె జెర సేపు పెన్ను తిప్పింది.
"కావచ్చు. వయసు కావచ్చు, సిగరెట్టు కావచ్చు,
తండ్రి నుంచి వచ్చింది కావచ్చు.
తిండి గూడ కావచ్చు.
ఒక్కదాని రెక్క పట్టుకొని దొంగ అనలేం."

కావచ్చు.
ఉప్పు తక్కువైతే తిడుతరు, తెలుస్తది.
తప్పని తేలితే గంటె కింద పెట్టి పోదును.
కావచ్చుకు ఏం జెయ్యాలె?

తెల్లారి మనామా మార్కెట్ల
ఒక ముసలాయన బర్బీర్, బర్బీర్ అని ఒర్రుతున్నడు.
వంగి చూస్తె గంగవాయిలి కూర!
అదే ఎర్ర కాడ, అదే బొద్దు ఆకు.
మా మెట్‌పల్లి దిక్కు పసుపు చేన్ల
కలుపని పీకి గట్టు మీదికి ఇసిరేది.
ఈడ కట్టకు వంద ఫిల్సు.
బేరం ఆడబుద్ధి గాలే.
ఎనిమిది కట్టలు తెచ్చి పెసరపప్పుల ఏసిన,
పొట్టు తియ్యని గోధుమ కుబూస్ పెట్టిన.

ఆ రాత్రి పళ్లాల చప్పుడే మారింది.
"మేకలనుకున్నవా మామా?" అన్నడు వెల్డర్ ఇస్తారి.
ఇద్దరు లేసిపోయి షవర్మా తెచ్చుకున్నరు.
బక్కన్న ఏమనలే, రెండోసారి ఏయించుకున్నడు.
చెయ్యి కడిగి, మెల్లగ:
"శుక్రవారం పొయ్యి ముట్టిస్తవు గద?"

ముట్టిస్త.
పక్కన్నే నిలవడి మంట తగ్గిస్త.

వానికి మూడేండ్లకు మళ్ల కెమెరా.
నాకు యాభై ఒకటి నిండినయ్.
డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ, నా పేరుది,
అంగీ జేబుల ఉన్నది.
ఇంకా మడత ఇప్పలే.