చప్పుడు బేరం

చంద్రపూర్ల సాదిక్ సేఠ్ దుకాణానికి పోయి
తక్కువ చప్పుడుది కావాలంటే
చాయ్ సాసరు దించి నవ్విండు.
"ఇరవై ఆరేండ్లు బొగ్గుబాయిల మందు పేల్చినోనివి,
నీకు చప్పుడంటే భయమా, మొండన్నా?"

భయం కాదు సేఠ్.
ఎడమ చెవి బాయికే ఇచ్చేసిన.
కుడి చెవిల మిగిలినదాన్ని
జర చూసి ఖర్చు పెడుతున్న.

నా దగ్గరున్నది త్రీ ఫిఫ్టీన్.
చేను చుట్టు చేన్లే ఉన్ననాడు కొన్నది.
దాని కేక వర్ధా దాక పోయి
అవతలి గట్టును తట్టి
నేను ఇంకో బీడీ ముట్టించేలోపు తిరిగొచ్చేది.
ఇప్పుడు ఉత్తరం దిక్కు ప్లాట్లు పడ్డయి.
నీలం రేకులు, నల్ల టాంకీలు, ఒక పంక్చర్ షాపు.
నా జొన్నచేనుకు, వైరాగడేల వంటింటికి నడుమ
నా అడుగులతోటి నూట నలభై.

పోయిన కార్తీకంల ఒక్కటి పేల్చిన.
పంది కంటె ముందు ఉలిక్కిపడ్డది వాళ్ల కోడలు.
చేతిల పాలగిన్నె బండల మీద గిరగిర తిరిగిన చప్పుడు
నాకు ఇక్కడిదాక ఇనొచ్చింది.
ఏడో నెల అప్పుడామెకు.
ఎవరు ఏమనలే.
తెల్లారి ఆమె మామ గట్టు మీద నిలబడి
మరాఠీల వాన గురించి మాట్లాడి పోయిండు.
వాన గురించి అంతసేపు
ఎవరు మాట్లాడరు.

సేఠ్ టూ టూ తీసి బల్ల మీద పెట్టిండు.
"చప్పట్లంత చప్పుడు."
తూటా అరచేతిల చింతగింజ బరువు లేదు.
మా తమ్ముని కొడుకు పోశెట్టి
ఎవలదో అడుక్కొచ్చి దాంతోనే కొట్టిండొకసారి.
నిజమే, ఒక్క కుక్క మొరగలే.
మూడోనాడు కాల్వ తూము కింద దొరికింది,
దవడ కింద పురుగులు, ఊపిరింకా ఆడుతున్నది.
కాని చప్పుడంత
అదే మింగి కూసున్నది.

సేఠ్ లెక్కలు చెప్పిండు.
గుండు బరువు, గుండు వేగం,
శబ్దాన్ని దాటిపోయే గుండు గాలిని ఎట్ల చింపుతదో.
సైలెన్సర్ మాటెత్తితే ఇద్దరం లోపలుంటమన్నడు.
నేను అడిగింది ఒక్కటే:
పంది నిలబడ్డకాడనే పడాలె,
గుండు గోడ దాక పోవద్దు,
తొట్టెల పిల్ల లేవద్దు,
ఒక్క గొట్టంల దొరుకుతయా ఇవన్ని?
"దొరికితే నేనే కొనుక్కుంట," అన్నడు.

ఆఖరికి పన్నెండు బోరు తెచ్చిన.
లైసెన్సు పుస్తకంల రాయించి,
ఫారెస్టోళ్ల కాగితం నాలుగు మడతలు జేబుల పెట్టి.
గుండ్లు దూరం పోవు, నా చేన్లనే రాలుతయి.
ఏటి దిక్కు మంచె ఎత్తుగ కట్టిన,
గొట్టం ఎప్పుడు మట్టినే చూడాలని.
గొంతు మాత్రం తగ్గలే దానిది.
పెండ్లి బాంబే.

బాయిల మందు ముట్టించే ముందు మూడు విజిళ్లు ఊదేది.
ఆ మూడింటి తర్వాత
ఎంత పెద్ద చప్పుడైనా మనుషులకు చిన్నగనే తాకేది.
రాత్రి అన్నం తిననే లేదు, అది యాదికొచ్చింది.
నాలుగిండ్లు. తలుపు తలుపుకు పోయిన,
విజిల్ లేదు, దగ్గిన.
పంక్చర్ షాపాయన "కొట్టుండ్రి కాకా" అన్నడు.
ఒక ముసలామె నేను ఓట్లకొచ్చిన్ననుకున్నది.
వైరాగడేల కోడలు
పిల్లను భుజం మార్చుకొని,
"థాంబా," అన్నది. "పాలు తాగి పండుకోనీ.
పండుకున్నంక వంటింటి లైటు తీసేస్త.
అప్పుడు కొట్టు."

మంచె మీద మంచు దిగుతున్నది.
పది దాటినంక వచ్చినయి, ఆరో ఏడో.
కుడి చెవి అటు తిప్పి వింటున్న:
జొన్నదంట్లు పెళుక్కు పెళుక్కున విరుగుతున్నయి,
మూడు సాళ్లు, నాలుగోది,
నాలుగు సాళ్లంటే ఒక బస్తా.
వేలు గుర్రం మీద పెట్టలే, పక్కన పెట్టుకున్న.

లైటు ఇంకా ఎలుగుతనే ఉంది.
ఏం పిల్లనో,
తాగుతనే ఉన్నట్టుంది.